ముక్కు విరిగిన చిలక

పెడనలో ఒక అద్దకం షావుకారు ఉండేవాడట. ఆయన గోదాంలో టేకుచెక్క అచ్చులు నూరుదాకా ఉండేవి, ఒక్కోదానికీ ఒక్కో నెంబరు. అన్నిటిలోకీ గిరాకీ ఏడో నెంబరుకి. కొమ్మ మీద వాలి, మెడ తిప్పి వెనక్కి చూసే చిలక అది. ఆ చిలక అంచు లేనిదే పెళ్ళికూతురి సారె సారెలా ఉండదని బరంపురం నుంచి నెల్లూరు దాకా పేరు.

మచ్చు చూడ్డానికే జనం పెడన దాకా వచ్చేవారు. బస్సు దిగి, అచ్చులన్నీ తిరగేయించి, మజ్జిగ తాగి వెళ్ళేవారు. కొనేది పదిమందిలో ఇద్దరు. అద్దేవాళ్ళంతా చూపించడంలోనే ఉంటే బట్ట ఎవరు అద్దుతారు? కరక్కాయ నీళ్ళలో నానబెట్టిన బట్ట ఆరిపోయి, ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నల్లరంగు కుండలోనే ఉండిపోయేది.

షావుకారు ఒక ఏర్పాటు చేశాడు. ఊరికో ఏజెంటుని పెట్టి, ఒక్కొక్కడికీ ఖాళీ మచ్చు పుస్తకం ఇచ్చాడు. "ఎవరైనా ఫలానా నెంబరు చూపించమంటే నీ పుస్తకంలో ఉన్నది అక్కడే చూపించు. లేకపోతే కుర్రాణ్ణి పెడన పంపి తెప్పించి, చూపించి, పుస్తకంలో అంటించుకో. అంటించింది ఏడాది చెల్లుతుంది. ఈలోగా నా ప్రాణం తియ్యకు" అన్నాడు. ఏర్పాటు బాగానే నడిచింది. గుంటూరు మనిషి గుంటూర్లోనే చిలకని చూసుకున్నాడు, పెడనలో మజ్జిగ ఖర్చు తగ్గింది.

ఒక వానాకాలం ఏడో నెంబరు అచ్చుకి చెమ్మ తగిలి చిన్న పెచ్చు ఊడింది. సరిగ్గా చిలక ముక్కు దగ్గర. అద్దేవాడు చూసుకునేలోపు ఒక తాను అద్దేశాడు. ఆ తానులోంచి మచ్చులు కత్తిరించి కట్టగట్టి గోదాంలో పెట్టేశారు. షావుకారు చూసి, ఆచారిని పిలిపించి కొత్త అచ్చు చెక్కించాడు. దీంతో కొత్త తానుల మీద చిలక మళ్ళీ ముక్కుతో కూర్చుంది. ఆ సంగతి అంతటితో తేలిపోయిందనుకున్నాడు.

నెల తిరక్కుండా రాజమండ్రి నుంచి ఉత్తరం. "షావుకారు గారూ, చిలక ముక్కేదండీ?" ఆయన లేచి దండెం మీది బట్ట పట్టి చూశాడు. ముక్కు ఉంది. "వాళ్ళ కళ్ళకేమొచ్చింది?" అని ఉత్తరం పక్కన పడేశాడు. ఏలూరు నుంచి ఇంకోటి వచ్చింది. గుంటూరు నుంచి మాత్రం ఏమీ రాలేదు. అక్కడి ఏజెంటు అచ్చు చెడకముందే మచ్చు తెచ్చుకున్నాడు మరి. "గుంటూరు వాళ్ళకి కనిపించిన ముక్కు రాజమండ్రి వాళ్ళకి కనిపించదా?" అని షావుకారు మండిపడ్డాడు. అయినా అనుమానం తీరక ఆచారి చేత అచ్చు మళ్ళీ చెక్కించాడు. మూడోసారి కూడా చెక్కమనేసరికి ఆచారి ఉలి కింద పెట్టేశాడు. "అయ్యా, చిలకకి ముక్కుంది. ఇంకెన్ని ముక్కులు పెట్టమంటారు?"

గుమాస్తాకి ఓపిక తక్కువ. అందరు ఏజెంట్లకీ కార్డులు రాసేశాడు: ఏడో నెంబరు మచ్చులు తక్షణం చింపేసి కొత్తవి తెప్పించుకోండి. వాళ్ళు చింపేశారు. కుర్రాళ్ళు పెడన వచ్చారు. గోదాం మనిషి చేతికి ఏది అందితే అది ఇచ్చాడు. చేతికి అందిందేమో పైనున్న కట్ట. అది ముక్కు విరిగిన తానుది! రాజమండ్రి, ఏలూరు సంగతి అలా ఉంచండి, అప్పటిదాకా చక్కగా ఉన్న గుంటూరు పుస్తకంలోకి కూడా మొండి చిలకే వచ్చి కూర్చుంది.

అంతటితో పోతే బాగుండు. నెల్లూరు కుర్రాడు వచ్చిన రోజు గోదాంకి సున్నం వేస్తున్నారు. "ఇవాళ మచ్చులు ఇవ్వలేము, మన్నించగలరు" అని చీటీ రాసి, మడిచి, కవర్లో పెట్టి ఇచ్చారు. నెల్లూరు ఏజెంటు నిక్కచ్చి మనిషి. పెడన నుంచి వచ్చిన కవరు కాబట్టి అందులో ఉన్నది మచ్చే అయ్యుండాలని, ఆ చీటీని తీసి ఏడో పేజీలో అంటించాడు. చిలకని చూపించమన్న వాళ్ళకి ఆ మన్నింపు చూపించేవాడు. బరంపురం కుర్రాడికైతే "ఏడు లేదు" అన్నారు. ఆ ఏజెంటు పలక మీద "7 లేదు" అని రాసి, అడిగినవాళ్ళకల్లా అదే చెప్పాడు, దసరా దాటినా చెబుతూనే ఉన్నాడు.

షావుకారు తల్లి అరుగు మీద కూర్చుని చింతపండు పిక్క తీస్తూ ఇదంతా వింటోంది. "ఒరే అబ్బాయ్, చిలక సంగతి తర్వాత. ఆ మచ్చు చూపిస్తున్నవాడు ఎవడు? వాడు దాన్ని ఎప్పుడు తెచ్చుకున్నాడు?" అంది.

"అదేం ప్రశ్నమ్మా?"

"మచ్చు వెనకాల తేదీ వేయించే అలవాటు మీ నాన్న పెట్టాడు. తిప్పి చూశావా?"

ఎవరూ చూడలేదు. గుమాస్తాని రాజమండ్రి పంపారు. చిలక వంక చూడకు, వెనకాల తేదీ మాత్రం రాసుకురా అన్నారు. తేదీ చూశాక అది వానాకాలపు తాను అని తేలింది. మచ్చు తెచ్చింది మొన్ననే అయినా, కత్తిరించింది ఎప్పుడో. అంటే పాతది ఇంకా పెడనలోనే ఎక్కడో దాక్కుని ఉంది. అప్పుడు గోదాం తలుపు తీశారు.

ముందు గోదాంలో కట్ట తగలేయించింది ఆవిడ. ఆ తర్వాతే ఏజెంట్లకి కబురు. "లేదు" అన్న మాట ఏ ఏజెంటూ మర్నాడు పొద్దుటిదాకా తప్ప నమ్మొద్దంది. చీటీకీ మచ్చుకీ తేడా తెలియనివాడికి పుస్తకం ఇవ్వొద్దంది. చివరికి కొడుకుతో, "ఆ కొత్త చిలకని ఏడు అనకు. నూటొకటి అను. ఏడు పేరుతో ఏ ఊళ్ళో ఎన్ని మొండి చిలకలున్నాయో ఎవరికెరుక? నూటొకటి ఎవడి పుస్తకంలోనూ లేదు కాబట్టి ఎవడైనా నీ దగ్గరికే రావాలి" అంది.

ఏడాది తర్వాత తెనాలి నుంచి ఒక పెళ్ళివారు వచ్చారు. ఎప్పుడో ఏజెంటు దగ్గర అడిగి తీసుకుని ట్రంకుపెట్టెలో దాచుకున్న మచ్చు ముక్క చేతిలో ఉంది. మొండి చిలక. అచ్చం ఇదే కావాలన్నారు. పెడనలో ఎన్ని తగలేస్తే ఏం, ఆ పెట్టె తెనాలిలో ఉంది. షావుకారు తల్లి నవ్వి, మంచం కింద పడేసిన చెమ్మ పట్టిన అచ్చు తీయించి, దుమ్ము దులిపింది.

నీతి: చూపించింది తప్పుగా ఉంటే చేసినవాణ్ణి పట్టుకోకు. చూపించినవాడెవడో, వాడి దగ్గర అది ఎన్నాళ్ళుగా ఉందో ముందు కనుక్కో.

పద్ధతి ప్రకారం నీతి చెప్పాక కథ ఆపాలి. కానీ ఈ చిలక ఏ పాత పుస్తకంలోదీ కాదు, మా పిన్ని కోసం నేను కట్టింది. ఆవిడ విజయవాడలో కూర్చుని ఆన్‌లైన్‌లో చేనేత చీరలు అమ్ముతుంది. ఆ వెబ్‌సైటు చూసుకునేది హైదరాబాద్‌లో ఉన్న నేను. జీతం ఆవకాయ. కిందటి వేసవిలో ఒక ఫొటో మా ఇద్దర్నీ నాలుగు రోజులు తిప్పింది.

శనివారం సాయంత్రం నీలం చీర అమ్ముడైందని, అదే ఫైలు పేరుతో ఎర్ర చీర ఫొటో ఎక్కించింది పిన్ని. అడ్మిన్ పేజీలో ఎరుపు చక్కగా కనిపించింది. నేనూ అదే పేజీలో చూసి సరే అన్నాను. ఆదివారం విజయవాడలోనే ఉన్న కొనుగోలుదారుల నుంచి ఫోన్లు: "నీలమే కనిపిస్తోందండీ." డాలస్‌లో ఉన్న మా బావకైతే నీలమూ లేదు, ఎరుపూ లేదు, చిరిగిన కాగితం బొమ్మ ఒకటి. నేను షావుకారు చేసిన పనే చేశాను. ఫొటోని మళ్ళీ ఎక్కించాను. ఒకసారి కాదు, మూడుసార్లు.

సీడీఎన్ అంటే ఆ ఏజెంట్ల ఏర్పాటే, పూర్తిపేరు కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్. వెబ్‌సైటు అసలు సర్వరు ఒకచోట ఉంటుంది, దాన్ని ఆరిజిన్ అంటారు. లోకమంతా పరిచిన ఎడ్జ్ సర్వర్లు దాని ఫొటోల నకళ్ళు దాచుకుని, దగ్గర్లో ఎవరడిగితే వాళ్ళకి అక్కడినుంచే ఇస్తాయి. అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ టామ్ లేటన్, ఆయన విద్యార్థి డేనియల్ లూయిన్ కలిసి 1998లో అకమాయ్ కంపెనీ పెట్టింది వెబ్ మీది రద్దీ లెక్క తేల్చడానికే. దాచుకున్న నకళ్ళ పెట్టెని క్యాష్ అంటారు. ఈ మాట పిన్నితో జాగ్రత్తగా వాడాలని నాకు సోమవారం తెలిసింది. "పిన్నీ, నీ ఫోన్లో క్యాష్ క్లియర్ చెయ్యి" అంటే, "ఏరా, నీకు నేనేమైనా బాకీ ఉన్నానా?" అంది.

ఆ సోమవారం సాయంత్రమే సీడీఎన్ పేజీలోకి వెళ్ళి అన్నీ ఒక్కసారే తుడిచేసే పర్జ్ మీట నొక్కాను. పది నిమిషాల్లో విజయవాడ నుంచి కూడా ఫోన్. నీలం పోయింది, చిరిగిన కాగితం వచ్చింది. గుమాస్తా కార్డులు ఎందుకు కథలోకి వచ్చాయో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది.

మంగళవారం పొద్దున పదింటికి బావకి ఫోన్ చేశాను. వాళ్ళకి సోమవారం రాత్రి పదకొండున్నర. పాపం, పడుకోబోతున్నవాడిని లేపి, బ్రౌజర్లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబులో ఆ ఫొటో మీద నొక్కి, వచ్చిన జవాబు హెడర్లు మొత్తం తీసి పంపమన్నాను. ఫొటో ఎలా ఉందో చెప్పొద్దు బావా, అది నాకు తెలుసు అన్నాను. మచ్చు వెనక్కి తిప్పి చూడడమంటే ఇదే. జవాబు డాలస్ ఎడ్జ్ నుంచే వచ్చిందని అందులో తెలిసింది. క్లౌడ్‌ఫ్లేర్ అనే సీడీఎన్‌లో సీఎఫ్-రే హెడర్ చివర, అమెజాన్ క్లౌడ్‌ఫ్రంట్‌లో పాప్ హెడర్ మొదట, జవాబిచ్చిన ఎడ్జ్‌కి దగ్గరి విమానాశ్రయం మూడక్షరాల కోడ్ ఉంటుంది. హైదరాబాద్‌కి హెచ్‌వైడీ, డాలస్‌కి డీఎఫ్‌డబ్ల్యూ. ఎవడు చూపిస్తున్నాడన్న ప్రశ్నకి జవాబు అక్కడే దొరుకుతుంది.

నాకు నిద్ర వదిలింది మిగతా మూడు హెడర్లు చూసి. స్టేటస్ 200, అంటే అంతా సవ్యమేనని. కంటెంట్-టైప్ దగ్గర జేపెగ్ ఉండాల్సింది పోయి హెచ్‌టీఎమ్ఎల్ ఉంది. ఫొటో పేరుతో వచ్చింది ఒక పేజీ. తెరిచి చూస్తే, "సర్వరు నిర్వహణలో ఉంది, మన్నించండి." నెల్లూరు చీటీ! మా సైటు సర్వరు నడిపే హోస్టింగ్ వాళ్ళు అలాంటప్పుడు 503 అనే స్టేటస్‌తో పంపాలి, 503 అంటే ఇప్పుడు కాదు తర్వాత రమ్మని. వాళ్ళు 200తో పంపారు. వాళ్ళని తిట్టుకునే హక్కు నాకు సగమే ఉంది, ఎందుకంటే జేపీజీ పేరుతో ఏది వచ్చినా నెలరోజులు దాచుకో అని సీడీఎన్‌కి నియమం రాసిపెట్టింది నేనే.

మూడోది ఏజ్ హెడర్. ఈ నకలు పుట్టి ఎన్ని సెకన్లయిందో చెప్పే అంకె. 1,98,000కి కాస్త అటూ ఇటూగా ఉంది. యాభై ఐదు గంటలు. మంగళవారం పదింటి నుంచి వెనక్కి లెక్కపెడితే ఆదివారం తెల్లవారుజాము మూడు గంటలు. హోస్టింగ్ వాళ్ళు సర్వరు ఆపి మరమ్మతు చేసుకుంది సరిగ్గా అప్పుడే. ఇక్కడ ఒక మెలిక ఉంది. నేను సీడీఎన్ మొత్తం తుడిచింది సోమవారం సాయంత్రం కదా. ఎడ్జ్ పెట్టె ఖాళీ అయి పదిహేను గంటలైతే, అందులోని సరుకు వయసు యాభై ఐదు గంటలు ఎలా అవుతుంది? ఏజ్ అంకె ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి కలుస్తూ వస్తుంది. అంటే సీడీఎన్‌కి వెనకాల, ఆరిజిన్‌కి ముందు, నాకు తెలియని పెట్టె ఇంకోటి ఉంది. హోస్టింగ్ కంపెనీ తన వైపు తాను పెట్టుకున్న క్యాష్. గోదాంలో పైకట్ట! అడ్మిన్ పేజీకి ఈ పెట్టెలతో పనిలేదు, అది నేరుగా డిస్కు మీది ఫైలు చూపిస్తుంది. నాకూ పిన్నికీ ఎరుపు కనిపించింది అందుకే.

ఇక చేసింది ఎంతసేపు? హోస్టింగ్ వైపు పెట్టె ముందు తుడిచాం, ఆ తర్వాత సీడీఎన్. బావ చూసి ఎరుపు వచ్చిందన్నాడు, పడుకున్నాడు. క్లౌడ్‌ఫ్రంట్ లాంటి చోట తుడుపుకీ లెక్కుంది, నెలకి మొదటి 1,000 ఫైలు దారులే ఉచితం. అయినా ఖర్చుకన్నా వరస ముఖ్యం. లోపలి నుంచి బయటికి రావాలి. బయటిది ముందు తుడిస్తే లోపలున్న మురికి మళ్ళీ బయటికొస్తుంది.

బరంపురం పలక మాకు తగల్లేదు గానీ, తగిలినవాళ్ళని చూశాను. ఫొటో ఎక్కించకముందే పేజీ తెరిచినవాడికి 404 వస్తుంది, సీడీఎన్ ఆ లేదన్న మాటనీ దాచుకుంటుంది. ఆరిజిన్ ఏమీ చెప్పకపోతే క్లౌడ్‌ఫ్లేర్ మామూలు ఫొటోని 120 నిమిషాలు, 404ని 3 నిమిషాలు దాస్తుంది. క్లౌడ్‌ఫ్రంట్ అయితే ఫొటోని 24 గంటలు, తప్పుల్ని 10 సెకన్లు. లేదన్న మాటకి ఆయువు తక్కువ ఉండాలన్న ఆ షావుకారు తల్లి, మామ్మగారి తీర్పు వీళ్ళకీ తెలుసు. దాన్ని పెంచి పాడుచేసేది మనలాంటివాళ్ళే. ఇంకో రకం కూడా ఉంది. గూగుల్ 2010లో తెచ్చిన వెబ్‌పీ ఫొటోలు సఫారీకి అర్థమైంది 2020లో. ఎడ్జ్ గనక అడిగినవాడి బ్రౌజరు చూడకుండా ఒకే నకలు అందరికీ ఇస్తే, పాత ఐఫోన్ ఉన్నవాళ్ళకి మాత్రమే ఫొటో రాదు. దానికి వేరీ అనే హెడర్ ఉంది, అది మరో కథ.

నెట్‌స్కేప్‌లో పనిచేసిన ఫిల్ కార్ల్‌టన్ కంప్యూటర్ శాస్త్రంలో కష్టమైన పనులు రెండేనని అన్నాడని ఈ వృత్తిలో అందరూ చెప్పుకుంటారు. దాచిన పాతదాన్ని చెల్లదనడం ఒకటి, పేర్లు పెట్టడం ఒకటి. వాటిలో రెండోది మొదటిదానికి మందు అని నాకు మామ్మగారి నోట చెప్పించాక గానీ స్ఫురించలేదు. జెట్‌ప్యాక్ వర్డ్‌ప్రెస్ సైట్ల కోసం నడిపే ఫొటో సీడీఎన్‌లో అసలు తుడుపే లేదు. ఒకసారి దాచింది శాశ్వతం, ఫొటో మార్చాలంటే ఫైలు పేరు మార్చుకో అంటారు. మొదట చదివినప్పుడు ఇదేం మొండితనం అనిపించింది. ఇప్పుడు మా సైట్‌లో పిన్ని ఏ ఫొటో ఎక్కించినా పేరు చివర తేదీ, గంట వాటంతటవే చేరేలా చేశాను. చివర ప్రశ్నార్థకం పెట్టి వెర్షన్ అంకె తగిలిస్తే చాలు కదా అని కొందరంటారు. ప్రశ్నార్థకం తర్వాత ఉన్నదాన్ని లెక్కచెయ్యకుండా అమర్చిన సీడీఎన్‌లు ఉన్నాయి, వాటి దగ్గర ఆ పప్పు ఉడకదు.

ఒక్క తప్పు మాత్రం తుడవలేకపోయాను. పాత ఫొటోలకి క్యాష్-కంట్రోల్ హెడర్లో మ్యాక్స్-ఏజ్ 31536000 అని ఎప్పుడో రాశాను. ఏడాదికి అన్ని సెకన్లు. సీడీఎన్‌కి వేరే అంకె కావాలంటే ఎస్-మ్యాక్స్‌ఏజ్ అని విడిగా చెప్పొచ్చు. కానీ నేను రాసింది అందరికీ వర్తించేది, కొనుగోలుదారుల ఫోన్లలోని బ్రౌజర్లకి కూడా. సీడీఎన్‌ని తుడవడానికి నాకు మీట ఉంది. కరీంనగర్‌లో ఒకావిడ చేతిలోని ఫోన్‌ని తుడవడానికి లేదు.

ఆవిడ నిన్న ఫోన్ చేసింది. వాట్సాప్‌లో ఎవరో పంపిన పాత ఫొటో లింకు నొక్కితే ఆవిడ ఫోన్ ఇంకా ఆ నీలం చీరనే చూపిస్తోందట. ఇదే కావాలి, వేరేది వద్దు అంది. ఆ చీర అమ్ముడై నాలుగు నెలలైంది. నేను నా వంతుగా క్యాష్ గురించి చెప్పబోతే లైన్లో ఉన్న పిన్ని మాట అందుకుంది. ఇప్పుడు మంగళగిరిలో నేతగాడితో మాట్లాడుతోంది, ఆ నీలం నూలు ఇంకా మిగిలిందేమోనని.